చీటి యున్నది, చదువువా రెవరు?

మన విద్యార్థులు పలువురు నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుచున్నారు. సంతోషము. కాని వారి వ్రాతలలో మాకు కానవచ్చిన యొక లోపమును గూర్చి రెండు మాటలు చెప్పదలచితిమి.

ఒక వస్తువున కుండవలసిన యంశములను నిర్దేశించు నమూనాకు క్లాసని పేరు. టైప్‌స్క్రిప్టు భాషలో ‘మార్కులు సంఖ్యగా నుండవలెను’ అని వ్రాసిన నియమము, ఆ వ్రాత జావాస్క్రిప్టుగా మాఱునప్పుడే చెఱిగిపోవును. ప్రోగ్రాము నడచునప్పటికి దాని జాడ యుండదు. ఈ కొఱత తీర్చు సాధనములలో డెకరేటరు ఒకటి. ‘ఎట్’ గుర్తుతో క్లాసున కంటించు చీటివంటి దిది. నడచువేళ చదువుకొనుటకు సమాచారమును నిలిపియుంచగలదు. టైప్‌స్క్రిప్టు 1.5 దీనిని 2015లో ప్రయోగాత్మకముగా చేర్చినది. 2023లో వెలువడిన 5.2 మెటాడేటాను దాచు ప్రత్యేక సౌకర్యము నొసగినది.

సౌకర్యము మంచిదే. అయినను చీటి కావలివాడు కాదు. మార్కుల క్లాసునకు ‘0 మొదలు 100 వఱకు’ అను చీటి నంటించి విద్యార్థి నిశ్చింతగా నుండు ననుకొందము. దానిని చదివి పరీక్షించు భాగమును పిలువకున్నచో 900 సైతము నిరాటంకముగా లోనికి పోవును. చూచువారు మాత్రము కావలి యున్నదనియే నమ్ముదురు. కావలి లేకుండుటకంటె ఉన్నదను భ్రమ మఱింత కీడు.

అందుచే డెకరేటరులే వలదనువారు కలరు. మేమట్లనము. నియమము క్లాసు ప్రక్కనే కనబడుట మేలే. అయితే చీటి నంటించిన నాడే తప్పు సంఖ్య నొకదానిని పంపి చూడవలెను. అది లోనికి పోయెనా, ఆ చీటి వట్టి యలంకారమే.