ఉడికే ఇంజనుకు బోరు నీళ్లేనా మందు?

తోటపల్లి గూడూరు: ఎండలు ముదిరితే చాలు, మండలంలోని రోడ్ల పక్కన బానెట్ ఎత్తి నిలబెట్టిన కార్లు కనబడటం పరిపాటి అయింది. ముందు భాగం నుంచి ఆవిరి బుసలు కొడుతుంటే, డ్రైవరు బకెట్టు పుచ్చుకుని దగ్గరలో బోరింగు ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఉంటాడు. నాలుగు చెంబుల నీళ్లు పోసి, బండి స్టార్టు చేసి వెళ్లిపోతాడు. ఆ పూటకు గండం గడిచినట్టే. అయితే ఆ నాలుగు చెంబుల నీళ్లే పోనుపోను ఇంజనును షెడ్డు పాలు చేస్తున్నాయన్న సంగతిని చాలామంది గ్రహించకపోవడం విచారకరం.

ఈ తీరప్రాంతపు బోరు నీళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. సముద్రానికి చేరువలోని పల్లెల్లో చాలాచోట్ల నీళ్లు ఉప్పన. కందిపప్పు ఉడకదని ఇంట్లో ఆడవాళ్లు వంటకు పక్కన పెట్టిన నీళ్లవి. తాగటానికి ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కునే కుటుంబం, లక్షలు పోసి కొన్న కారుకు మాత్రం ఆ నీళ్లే పోస్తున్నది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టినట్టే రేడియేటరు సన్నగొట్టాల లోపలా పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన గొట్టం వేడిని బయటకు పోనివ్వదు. నీళ్లలోని ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. వెనుకటి రేడియేటర్లు రాగి, ఇత్తడితో చేసినవి గనుక కారితే టంకం పెట్టి మళ్లీ బిగించేవారు. ఇప్పటివి చాలావరకు అల్యూమినియం, ప్లాస్టిక్కు కలిపి చేసినవి. చిల్లు పడిందంటే సాధారణంగా మార్చుకోవలసిందే.

అలవాటు పాతది, బండి కొత్తది. చిక్కంతా అక్కడే ఉంది. అంబాసిడరు కారులో ఫ్యాను వాటర్ పంపు మీదనే బిగించి ఉండేది. ఇంజను తిరిగినంతసేపూ బెల్టుతో పాటు అదీ తిరిగేది, మోత ఎప్పుడూ ఉండేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు. నీళ్లు తగ్గితే మూత తీసి పోయడం డ్రైవరు దినచర్యలో భాగం. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కరెంటు ఫ్యాను మనకు పరిచయమైంది. వేడి ఒక హద్దుకు చేరితే దానంతట అది తిరుగుతుంది, తగ్గితే ఆగిపోతుంది. అంబాసిడరు, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే నిలిచిపోయింది గానీ ఆనాటి అలవాట్లు మాత్రం నిలిచిపోలేదు.

ఫ్యాను మోత పెరిగిందని షెడ్డుకు వచ్చేవారు ఎక్కువయ్యారు. నిజానికి ప్రతి మోతా జబ్బు కాదు. ఏ.సీ. వేస్తే ఫ్యాను తిరుగుతుంది. కొన్ని కార్లలో తాళం చెవి తీసేసిన తర్వాత కూడా కాసేపు తిరుగుతుంది. అది లోపం కాదు, ఇంజనులో మిగిలిన వేడిని తోడివేయడానికి చేసిన ఏర్పాటు. అది తెలియక కంగారుపడి బ్యాటరీ వైరు పీకేసేవారూ లేకపోలేదు. అయితే మునుపు ఎప్పుడో ఒకసారి తిరిగే ఫ్యాను ఇప్పుడు ఆగకుండా తిరుగుతోందంటే ఇంజను వేడి తగ్గడం లేదని అర్థం. అక్కడ ఫ్యాను దోషి కాదు, సాక్షి. సాక్షి నోరు నొక్కినంత మాత్రాన కేసు తేలదు.

మోతలోనూ తేడాలున్నాయి. గరగరమంటే మోటారు బేరింగు అరిగింది. టకటకమంటే రెక్క విరిగి లేదా వంగి చుట్టూ ఉన్న డొప్పకు తగులుతోంది. స్టార్టు చేయగానే కీచుమంటే అది చాలాసార్లు ఫ్యాను కాదు, వదులైన బెల్టు. జీపు తరహా పెద్ద డీజిల్ బండ్లు కొన్నిటిలో ఫ్యాను మధ్యన సిలికాన్ నూనె నింపిన క్లచ్చు ఉంటుంది. అది పట్టేస్తే బండి లారీలా నిత్యం హోరెత్తుతుంది. నూనె కారిపోతే ఫ్యాను బద్ధకంగా తిరిగి ఇంజను ఉడుకుతుంది. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారాక రెక్కను చేత్తో తిప్పితే కొంచెం బిగువు తెలియాలి. బొంగరంలా తిరిగిందంటే క్లచ్చు పోయినట్టే. కరెంటు ఫ్యాను దగ్గర మాత్రం ఈ పరీక్ష వద్దు. చెప్పాపెట్టకుండా తిరిగి వేళ్లు తెంపేయగలదు.

అసలు తెలుసుకోవలసింది, బండి ఎప్పుడు వేడెక్కుతోందన్నది. షెడ్డుకు వెళ్లినవాడు ఈ ఒక్క ముక్క సరిగా చెప్పగలిగితే మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది. నెల్లూరు ట్రాఫిక్కులో నిలబడ్డప్పుడు ముల్లు పైకి లేచి, బయలుదేరాక దిగిందంటే తప్పు ఫ్యాను వైపు ఉంది. ఫ్యూజు, రిలే, వేడిని కనిపెట్టే సెన్సరు, మోటారు, వీటిని చూడాలి. పరుగెత్తే బండికి ఎదురుగాలే ఫ్యాను పని చేసిపెడుతుంది గదా. అలాకాక జాతీయ రహదారి మీద మంచి వేగంలో వేడెక్కిందంటే ఫ్యానును అనుమానించి లాభం లేదు. నీరు లోపల సరిగా తిరగడం లేదు, లేదా రేడియేటరు మూసుకుపోయింది. స్టార్టు చేసిన కాసేపటికే రేడియేటరులో బుడగలు వస్తూ, సైలెన్సరు నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, ఆయిలు మూత కింద పాలమీగడ లాంటిది కనిపిస్తే హెడ్ గాస్కెట్ పోయిందని భయపడవలసిందే. అప్పుడు ఖర్చు వందల్లో ఉండదు, వేలల్లో ఉంటుంది. అద్దెకు తిప్పుకుంటూ వాయిదాలు కట్టే బండి అయితే ఆ యజమాని ఇల్లు గడిచే మాట అది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలు ఒకటి రెండు ఉన్నాయి. కోతల కాలంలో రోడ్డే కళ్లం అవుతుంది. తారు మీద పరిచిన ధాన్యం మీదుగా, గడ్డి మీదుగా కార్లు పోతుంటే పొట్టు, దుమ్ము లేచి ముందు జాలీలోకి దూరతాయి. ఏ.సీ. జాలీకీ రేడియేటరుకూ మధ్య చెత్త పేరుకుంటే బయటికి కనబడదు, గాలి మాత్రం ఆడదు. నీళ్లతో కడిగేటప్పుడు లోపలి వైపు నుంచి బయటికి, మెల్లగా కొట్టాలి. ప్రెషరు గొట్టం పెట్టి ఎదురుగా కొడితే పలచటి రేకులు మడత పడతాయి. ఇక కోడూరు తీరానికి వెళ్లేవారు సరదాకు ఇసుకలో కారు దించుతున్నారు. మొదటి గేరులో ఇంజను అరుస్తుంది, బండి కదలదు, గాలి తగలదు. వేడెక్కడానికి అంతకన్నా ఏం కావాలి? పైగా ఉప్పుగాలికి ఫ్యాను వైర్ల కొసలు, ఎర్తు బిగింపు చిలుము పడతాయి. ఫ్యాను పోయిందని కొత్తది కొనేముందు ఆ బిగింపులను గీకి చూసుకోవడం మంచిది.

షెడ్లలో జరుగుతున్న రెండు పనులను గట్టిగా ప్రశ్నించవలసి ఉంది. ఒకటి థర్మోస్టాట్ పీకేయడం. ‘మన ఎండలకు అది ఎందుకన్నా, తీసేస్తే సరిపోద్ది’ అంటారు. చల్లటి ఇంజను త్వరగా తగిన వేడికి చేరడానికీ, ఆ వేడి నిలకడగా ఉండడానికీ పెట్టిన తలుపు అది. సాధారణంగా 80, 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. తీసేస్తే ఇంజను చాలాసేపు చల్లగానే నడిచి నూనె ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో ఆ తలుపు లేకపోతే నీరు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది. చెడితే మార్చాలి, అంతేగాని తలుపు పాడైందని ద్వారబంధమే పీకేస్తామా?

రెండోది ఫ్యానుకు ‘డైరెక్ట్’ ఇవ్వడం. సెన్సరును పక్కకు నెట్టి స్విచ్చుకు కలిపేస్తారు. నిత్యం తిరిగి మోటారు అరుగుతుంది, రిలే లేకుండా కలిపితే వైర్లు కాలే ప్రమాదం ఉంది. అన్నిటికీ మించి అసలు లోపం దాక్కుంటుంది. మెకానిక్కులదే తప్పనడం న్యాయం కాదు. ‘సాయంత్రం పెళ్లికి పోవాల, ఎట్టోకట్ట చేసియ్యి’ అని నెత్తిన కూర్చునేది బండివాళ్లే. అసలు సామాను కోసం నెల్లూరు పోవాలి, ఆ ఆలస్యాన్నీ ఖర్చునూ భరించేది ఎవరు?

దారిలో ముల్లు ఎరుపులోకి పోతే ఏం చేయాలో తెలియక ఒళ్లు కాల్చుకునేవారున్నారు. ఏ.సీ. కట్టేయాలి. హీటరు ఉంటే పూర్తిగా తిప్పాలి, కారులో ఉన్నవారికి చెమటలు పట్టినా ఇంజను వేడి కొంత దిగుతుంది. అప్పటికీ తగ్గకపోతే పక్కకు తీసి ఆపెయ్యాలి. మూత మీద చెయ్యి వేయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో ఉండి 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులైన మరుక్షణం ముఖం మీదికి చిమ్ముతుంది. అరగంటకు తగ్గకుండా ఆగి, హోసు పైపు చల్లబడిందని నమ్మకం కలిగాక మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. కాగిన ఇంజనులో చన్నీళ్లు కుమ్మరిస్తే బీటలు వారవచ్చు. మరొక సంగతి. ఎరుపులో ఉన్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే సంతోషించరాదు. నీరంతా కారిపోయి, సెన్సరుకు తగిలే నీరే లేకపోయి ఉండవచ్చు. కొన్ని కొత్త కార్లలో ముల్లే లేదు, ఎర్ర దీపం ఒక్కటే దిక్కు.

రొయ్యల రైతులకు ఈ విద్య కొత్తదేమీ కాదు. చెరువు గట్టు మీది డీజిల్ ఇంజను రాత్రిపూట ఆగితే ఏరేటర్లు ఆగుతాయి, ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. అందుకే దాని నీరు, బెల్టు, మోత కనిపెట్టి చూసుకుంటారు. అదే రైతు ఇంటిముందు కారుకు నెలల తరబడి బానెట్ ఎత్తడు. కూలెంటు డబ్బా మీద పై గీత, కింది గీత ఉంటాయి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క చూపు చాలు. కంపెనీ చెప్పిన కూలెంటునే డిస్టిల్డ్ వాటరులో కలిపి పోయాలి. తరచుగా తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. ఇంకొక హెచ్చరిక. అనేక కూలెంట్లలో ఉండే గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కూల్‌డ్రింకు సీసాల్లో దాచినా, తీసిన పాత ద్రవాన్ని వాకిట్లో పారబోసినా పిల్లలకు, కుక్కలకు, గొడ్లకు ప్రాణాపాయం. కాలువలో పోయడం అంతకన్నా తప్పు.

కారు నేర్పే స్కూళ్లు గేర్లు, రివర్సు నేర్పి పంపుతున్నాయి. బానెట్ ఎత్తి కూలెంటు డబ్బా ఎక్కడుందో చూపడానికి పది నిమిషాలు పట్టదు. లైసెన్సు ఇచ్చే అధికారులు ఆ ఒక్క ప్రశ్న అడిగితే స్కూళ్లు వాటంతట అవే నేర్పుతాయి. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్న నిబంధన ఉంది. అక్కడే ఇంజనాయిలు డబ్బాల పక్కన అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటరు క్యాన్లు అమ్మకానికి పెడితే, రోడ్డు పక్కన బకెట్టు పట్టుకుని బోరింగు కోసం తిరిగే అగత్యం ఈ మండలంలో ఎంతమందికి ఉంటుంది?