ఎర్రసిరాతో పని తీరదు



ముప్పై యేళ్ళకు పైగా పిల్లల పుస్తకాలు దిద్దినవాణ్ణి. తప్పు క్రింద ఎర్రగీత గీయడం సగం పనే. దాన్ని సరిదిద్దుకున్నారో లేదో మళ్ళీ చూడడం తక్కిన సగం. మన ఆసుపత్రుల, నర్సింగ్ హోముల తనిఖీలలో ఈ రెండవ సగమే లోపిస్తున్నది.

2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రి నేలమాళిగలో నిప్పంటుకున్నది. కార్లు నిలపవలసిన ఆ చోట మండే సామగ్రి పోగుపడి ఉన్నది. అగ్నిమాపక శాఖ కొన్ని నెలల ముందే హెచ్చరించింది. తొలగిస్తామని యాజమాన్యం హామీ కూడా ఇచ్చింది. మళ్ళీ వెళ్ళి చూసినవారు లేరు. సుమారు 90 మంది మరణించారు. అధికులను బలిగొన్నది మంట కాదు, పై అంతస్తులకు పాకిన పొగ. మంచం దిగలేని రోగి ఎక్కడికి పరుగెత్తగలడు?

పెద్ద ఆసుపత్రి సంగతి అది. చిన్నవాటి మాటో? 2024 మే 25 రాత్రి ఢిల్లీ వివేక్ విహార్‌లో పసికందులు మరణించిన శిశువైద్యశాలకు లైసెన్సు గడువు మార్చి 31నే తీరిపోయింది. ఐనా తలుపులు తెరిచే ఉన్నాయి.

అమెరికాలో వృద్ధుల నర్సింగ్ హోములు తమ తాజా తనిఖీ ఫలితాలను వచ్చేవారందరికీ అందుబాటులో ఉంచాలని నిబంధన. అక్కడ లోపాలు లేవని కాదు. దాచడం కష్టం, అంతే. మనవద్దనూ వైద్యుని పేరుపలక ప్రక్కనే లైసెన్సు గడువూ, తనిఖీలో తేలిన లోపాలూ తెలుగులో వ్రేలాడదీయాలి. అధికారి మళ్ళీ రాకపోయినా, రోగి బంధువు చదువుతాడు, అడుగుతాడు.

మీరేమంటారు?