దేవుళ్ళకు జీతాలెందుకు?

కోవిడ్ కాలంలో వైద్యసిబ్బంది ఎందుకు డస్సిపోయారన్న ప్రశ్నకు మన పెద్దమనుషుల దగ్గర ఒక జవాబు సిద్ధంగా వుంది: వాళ్ళకు మనోబలం చాలలేదట. అందుచేత ధ్యానం చేయించాలి, ప్రాణాయామం నేర్పించాలి, పనిలో నిమగ్నత పెంచాలి. పీపీఈ కిట్టు తొడిగిన నర్సుకు అది విప్పేదాకా గుక్కెడు నీళ్ళు తాగడానికి లేదు, మూత్రానికి పోవడానికి లేదు. ఆ కిట్టులో ఆమెను అన్నేసి గంటలు నిలబెట్టినవాడిని మాత్రం ఎవరూ ధ్యానం చెయ్యమనరు.

ఈ డస్సిపోవడానికి శాస్త్రజ్ఞులు బర్నౌట్ అని పేరు పెట్టారు. అమెరికాలో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త 1974లో దీనిని చర్చకు తెచ్చాడు. ఆయన చూసింది ఉచిత వైద్యశాలలో పనిచేసే కార్యకర్తలను. అనగా మొట్టమొదట కాలిపోయినవారు సోమరులు కారు, అందరికంటె ఎక్కువ మనసుపెట్టి పనిచేసినవారే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీనిని జబ్బుల కింద లెక్కించలేదు. పనిచేసేచోట చిరకాలంగా పేరుకుని, సరిగా అదుపు కాని ఒత్తిడి ఫలితమని చెప్పింది. మన పెద్దమనుషులు ఆ సంస్థ పేరు చెప్పుకుంటారు గాని, ఆ వాక్యంలోని ‘పనిచేసేచోట’ అన్న మాటను చదవరు.

ఇక నిమగ్నత సంగతి. దానిని కొలిచేవారు ఉత్సాహం, అంకితభావం, తన్మయత్వం అనే మూడింటిని లెక్కవేస్తారు. మూడూ మెండుగా వుంటే మనిషి క్షేమంగా వున్నట్టే. ఈ కొలబద్దతో ఆశా కార్యకర్తను కొలిచి చూడండి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన యీ స్త్రీలు దేశంలో సుమారు పది లక్షలమంది. వీరు ఉద్యోగులు కారట, స్వచ్ఛంద కార్యకర్తలట. కనుక ఇచ్చేది జీతం కాదు, పారితోషికం. (కవిసన్మానంలో చేతిలో పెట్టే కవరుకూ, ఇంటిల్లిపాదినీ పోషించవలసిన కూలికీ ఒకే పేరు పెట్టిన ఘనత మన పరిపాలనా భాషది.) 2020లో ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకున్నది వీళ్ళు. వలసపోయి తిరిగొచ్చినవారి జాబితాలు తయారుచేసింది వీళ్ళు. చాలాచోట్ల తిట్లూ దెబ్బలూ తిన్నదీ వీళ్ళే. ఆ అదనపు చాకిరీకి కేంద్రం కట్టిన వెల నెలకు 1000 రూపాయలు, రోజుకు ముప్పైమూడు. 2020 ఆగస్టులో వీరు దేశవ్యాప్తంగా రెండు రోజులు సమ్మె చేశారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారమిచ్చింది. ఉద్యోగులన్న హోదా మాత్రం ఈనాటికీ రాలేదు.

వారిది నిజమైన ప్రజాసేవ గదా, దానిని కూలితో తూచడం అవమానం కాదా అని కొందరు మిత్రులు అంటారు. సేవ నిజమే. దానిని లెక్కలో వేసుకునే కూలి తగ్గించారన్నది మన అభియోగం. రోగిని వదిలి యీమె ఇంటికి పోదన్న ధీమా వున్నంతకాలం ఏ యాజమాన్యమూ రెండో నర్సును నియమించదు. అంకితభావం పెంచితే డస్సిపోవడం తగ్గుతుందనే పండితులు, పొయ్యిలో మండుతున్న కట్టెనే మంటకు విరుగుడంటున్నారు.

ఈ మోసంలో మన కవులకూ వాటా వుంది. 2020 మార్చి 22 సాయంత్రం పళ్ళేలు మోగాయి. మే 3న వైమానిక దళం ఆసుపత్రుల మీద పూలు చల్లింది. హైదరాబాదు గాంధీ ఆసుపత్రి మీద కూడా. ఆ పూలు ఏరుకుని మనవాళ్ళు కవితలు గుచ్చారు: తెల్లకోటు దేవుళ్ళు, కదిలే దేవతలు! దేవుడికి ఆకలి లేదు, నిద్ర లేదు, పింఛను అక్కర్లేదు. నైవేద్యం చూపిస్తే చాలు, తినేది పూజారి. జులైలో అదే గాంధీ ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ నర్సులు తమ ఉద్యోగాలు క్రమబద్ధం చెయ్యాలని విధులు బహిష్కరించారు. ఆ దేవతల మీద కవిత ఒక్కటీ నా కంటబడలేదు.

నోరు విప్పిన దేవుడి గతి మరొకటి. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ 2020 ఏప్రిల్‌లో మాస్కులు చాలడం లేదని బహిరంగంగా అన్నారు; సస్పెండయ్యారు. మేలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు కట్టిన దృశ్యం దేశమంతా చూసింది. 2021 మేలో ఆయన మరణించారు. ఇదంతా చూసి తక్కిన వైద్యులు పెదవి బిగించి, తల వంచుకుని పనిచేసుకుపోతే, బర్నౌట్ ప్రశ్నావళి దానికి ‘ఉదాసీనత’ అని మార్కులు వేస్తుంది!

ఎంతమంది వైద్యసిబ్బంది చనిపోయారని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, ఆరోగ్యం రాష్ట్రాల విషయం, ఆ వివరాలు కేంద్రం దగ్గర వుండవని ఆరోగ్యశాఖ జవాబిచ్చింది.

ఈ విషయం మీద పరిశోధన చేస్తున్న విద్యార్థి మిత్రులకు ఒక మాట. ‘మీకు పనిలో ఉత్సాహం వుందా’ అని నర్సును అడగబోయేముందు, రాత్రి డ్యూటీలో ఆమె ఒక్కతే ఎన్ని మంచాలు చూస్తుందో అడగండి. మంజూరైన పోస్టుల్లో ఎన్ని ఖాళీగా వున్నాయో, కిందటి నెల జీతం ఏ తారీఖున చేతికందిందో అడగండి. కాంట్రాక్టరు పేరు కూడా రాసుకోండి.