సీట్ల లెక్క తేలింది... మన లెక్క మాటేమిటి?

2024 ఫిబ్రవరి 24, శనివారం. మర్నాడు నాకు గ్రూప్‌-2 ప్రిలిమ్స్‌. విజయవాడలో తెలిసినవాళ్ల గదిలో దిగాను. హాల్‌టికెట్‌, పెన్నులు సర్దుకుని తొందరగా పడుకోవాల్సిన రాత్రి. అర్ధరాత్రి దాటినా ఫోన్‌ వదల్లేదు.

కారణం, తెలుగుదేశం-జనసేన తొలి జాబితా ఆ రోజే వచ్చింది. జనసేనకు 24 అసెంబ్లీ, 3 లోక్‌సభ స్థానాలన్నారు. ‘ఇంతేనా’ అని కొందరు, ‘అదే ఎక్కువ’ అని కొందరు. మా వాట్సాప్‌ గ్రూప్‌లో అవతలి పార్టీవాళ్లు ఒక్కరూ లేరు. అందరం పొత్తు గెలవాలని కోరుకునేవాళ్లమే. అయినా ఆ రాత్రి ఒకరినొకరం అనుకోని మాట లేదు. పొద్దున పరీక్ష హాల్లో కళ్లు మండుతుంటే ఒక్కో ప్రశ్నా రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ప్రిలిమ్స్‌ పోయింది. నిద్ర చాలకే పోయిందని అనను. కానీ ఆ రాత్రి నేను చదివినదేదీ సిలబస్‌లో లేదు.

మాది తిరువూరు నియోజకవర్గంలోని వినగడప. మా గ్రూప్‌లో చిచ్చు జనవరిలోనే రాజుకుంది. 2014, 2019ల్లో తెలుగుదేశం తరఫున విజయవాడ ఎంపీగా గెలిచిన కేశినేని నాని ఒకవైపు, ఆయన తమ్ముడు శివనాథ్‌ ఒకవైపు. తిరువూరులో చంద్రబాబు సభకు ముందు ఇద్దరి అనుచరులూ ఘర్షణ పడ్డారు. అదే గొడవ మా ఫోన్లలోకీ వచ్చింది. నా మిత్రుడు అన్న వైపు, నేను తమ్ముడి వైపు. ‘మొన్నటిదాకా నువ్వూ ఆయన ఫొటోనే డీపీగా పెట్టుకున్నావు కదరా?’ అని గ్రూప్‌లో అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు వాడే మాట ఒకటుంది, ‘కోవర్టు’. ఆ మాట అనేసి, అడ్మిన్‌ని కాబట్టి అతన్ని తీసేశాను.

మేమిద్దరం గ్రూప్‌-2కి కలిసి చదువుకునేవాళ్లం. హిస్టరీ నోట్స్‌ నేను రాస్తే, పాలిటీ అతను రాసేవాడు. ఆ రోజు నుంచి పాలిటీ నోట్స్‌ అతని దగ్గరే ఉండిపోయాయి.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. నాని వైఎస్సార్‌ కాంగ్రెస్‌లో చేరారు. అన్నదమ్ములు ఎన్నికల్లో తలపడ్డారు, తమ్ముడు గెలిచారు. 1994, 1999ల్లో తెలుగుదేశం తరఫున తిరువూరులో గెలిచిన స్వామిదాస్‌ ఈసారి వైఎస్సార్‌ కాంగ్రెస్‌ అభ్యర్థి. నిన్న మోసినవాళ్లను ఇవాళ తిట్టాలి, నిన్న తిట్టినవాళ్లను ఇవాళ మోయాలి. అటుపక్క కూడా ఇదే కథ. చాలా నియోజకవర్గాల్లో ఇన్‌ఛార్జులను మార్చినప్పుడు వాళ్లలో వాళ్లూ ఇలాగే కొట్టుకున్నారు.

మేం రాత్రంతా కొట్టుకున్న 24 సంగతి? బీజేపీ పొత్తులోకి వచ్చాక అది 21 అయింది. జూన్‌ 4న ఆ 21కి 21 గెలిచారు. కూటమికి మొత్తం 164 వచ్చాయి. ఏ అంకె కోసం స్నేహితులు దూరమయ్యారో, పోలింగ్‌ నాటికి ఆ అంకే లేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి అర్థమవుతోంది. అవతలివాడు కాదంటే మనం పట్టించుకోం, మనవాడు కాదంటే ద్రోహం అంటాం. సీట్లు పంచేది పెద్దవాళ్లు. ఆ గదిలో మనం లేం, అక్కడ ప్రశ్నించలేం. ఆ ఉక్రోషమంతా పక్కనున్నవాడి మీద తీర్చుకుంటాం.

ఆ మధ్య ఓ ప్రైవేటు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. ‘టీమ్‌లో మీతో విభేదించినవాళ్లతో ఎలా వ్యవహరించారు?’ అని అడిగారు. మీకూ ఈ ప్రశ్న తప్పదు. నేనేదో నీళ్లు నమిలాను. ‘గ్రూప్‌లోంచి తీసేశానండీ’ అని ఎలా చెప్పను? ఆ ఉద్యోగమూ రాలేదు.

రాజకీయాలు మనకెందుకని నేను అనడం లేదు. ఉద్యోగాల నోటిఫికేషన్లు కూడా ప్రభుత్వాల చేతిలోనే ఉన్నప్పుడు ఎలా అంటాం? కోపంలో పెట్టే పోస్టుకి మాత్రం ఆయుష్షు ఎక్కువని గుర్తుంచుకోండి. ప్రభుత్వ ఉద్యోగంలో చేరేముందు నింపే ఫారంలో పోలీసు కేసులున్నాయా అని అడుగుతారు. దాచితే ఉద్యోగానికే ముప్పు రావచ్చు. దీనిపై సుప్రీంకోర్టు 2016లో అవతార్‌ సింగ్‌ కేసులో మార్గదర్శకాలిచ్చింది. అమెరికా విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు సోషల్‌ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా ఉంచాలని ఆ దేశం 2025 జూన్‌లో చెప్పింది. గ్రూప్‌లో మనవాళ్లే కదా అనుకోకండి. స్క్రీన్‌షాట్‌ తీసేది ఆ మనవాళ్లే.

ఇంకో మాట. మా వినగడప, తోటమూల మధ్య కట్టలేరు ఉంది. వాగు పొంగితే రాకపోకలు ఆగిపోతాయి. ఆ నీళ్లు ఏ పార్టీవాడినీ దాటనివ్వవు. ఆ నాలుగు నెలల్లో మా గ్రూప్‌లో వేల మెసేజ్‌లు వచ్చుంటాయి. కట్టలేరు గురించి ఒక్కటీ నాకు గుర్తు లేదు. అదే పని మీద మేమిద్దరం కలిసి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి ఉంటే, చట్టప్రకారం 30 రోజుల్లో జవాబు అడిగే హక్కు మాకుండేది. గ్రామసభలో లేచి మాట్లాడినా బాగుండేది. ఇంటర్వ్యూలో నీళ్లు నమలకుండా చెప్పుకోడానికీ ఒక సంగతి ఉండేది.

అందుకే, ఈసారి మీ గ్రూప్‌లో ఎవరైనా ఇబ్బందిపెట్టే ప్రశ్న అడిగితే ‘రిమూవ్‌’ నొక్కేముందు కాస్త ఆగండి. జవాబు లేకపోతే లేదనే చెప్పండి, చిన్నతనమేం కాదు. అప్పటికీ కోపం తగ్గకపోతే ఫోన్‌ పక్కన పెట్టి వెళ్లి ఎదురుగా మాట్లాడండి. ముఖం ముందర ‘కోవర్టు’ అనే మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

నాకు అతనికి ఫోన్‌ చేయడానికి ఏడాదిన్నర పట్టింది. రెండుసార్లు డయల్‌ చేసి కట్‌ చేశాను. మూడోసారి ఎత్తాడు. కాసేపు ఇద్దరికీ మాట రాలేదు. తర్వాత అతనే అడిగాడు, ‘పాలిటీ నోట్స్‌ కావాలా?’ అని.