గట్టు మీద నిలబెట్టిందెవరు?

నలభై ఏళ్లకు ఈత నేర్చుకుంటున్నా. ముక్కుల్లోకి నీళ్లు, పక్కన పదేళ్ల పిల్లల నవ్వులు.

"పల్లెటూరే కదా, ఈత రాదా?" అన్నాడు కోచ్.

మా ఊళ్లో ఈత బడి అంటే దిగుడు బావే. దొరల పిల్లలు నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని దూకేవాళ్లు. మమ్మల్ని గట్టు మీదే ఆపేశారు. కప్పలు, పాములు ఈదితే అంటని మైల మేం దిగితే ఎలా అంటుతుంది?

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగింది దాహానికి కాదు, హక్కు కోసం. 1985లో కారంచేడు మారణకాండకు ముందు గొడవ మొదలైందీ మంచినీళ్ల చెరువు దగ్గరే.

ఈత రాకపోవడం మన చేతకానితనం కాదు, కులం పెట్టిన కట్టడి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! క్యాంపస్ పూల్‌లో సిగ్గుపడకుండా దిగండి. నీళ్లు మింగండి, మళ్లీ తేలండి. ఆలస్యం మనది కాదు, మనల్ని గట్టున నిలబెట్టినోళ్లది.

జై భీమ్.