ఆ నాలుగు యుద్ధాలకు ఇంగ్లీషులో ఏ పేరు?



వార్షికోత్సవం ఎగ్జిబిషన్ కోసం తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళు చరిత్ర చార్టులు వేస్తూ ఒకచోట ఆగిపోయారు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ ఈస్టిండియా కంపెనీతో చేసిన నాలుగు యుద్ధాల చార్టు అది. పైన ఇంగ్లీషులో హెడ్డింగు పెట్టాలి. కుప్పం అబ్బాయి ‘మైసూర్ వార్స్’ చాలన్నాడు. పుంగనూరు అబ్బాయి పుస్తకంలో ఉన్నట్టు ‘ఆంగ్లో-మైసూర్ వార్స్’ అనే ఉండాలన్నాడు. మాటా మాటా పెరిగి, చివరకు నన్నడిగారు. ఆ రోజు నేను సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

పేరు ఏదైతేనేం, మార్కులు వస్తే చాలదా అనేవారు ఉంటారు. మన హాస్టల్లో పెరిగినవాళ్ళు ఆ మాట అనరని నా నమ్మకం. బోర్డు మీద ‘సాంఘిక సంక్షేమ వసతి గృహం’ అని ఉండేది. నేను చదివే రోజుల్లో ఊళ్ళో ‘హరిజన హాస్టలు’ అనేవారు. స్కూల్లో కొందరికి మేము ఒట్టి ‘హాస్టలోళ్ళం’. భవనం ఒక్కటే, ఉన్నవాళ్ళం మేమే. కానీ ఎవరు ఏ పేరుతో పిలిచారన్నదాన్నిబట్టి మేము తల ఎత్తడమో దించడమో జరిగేది. పేరు పెట్టేవాడు ఎక్కడ నిలబడి పెట్టాడో చూడడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక విషయానికి వస్తాను. ‘మైసూర్ వార్స్’ అన్నది గెలిచినవాళ్ళు తమ వైపు నుంచి పెట్టిన పేరు. ఎవరి మీదికి వెళ్ళారో వాళ్ళ పేరు మాత్రమే ఉంటుంది, వెళ్ళిన వాళ్ళ పేరు ఉండదు. ఇది కొత్తేమీ కాదు. కార్తేజ్‌తో చేసిన యుద్ధాలకు రోమన్లు ఆ ప్రజలను తాము పిలిచే మాటతోనే ‘ప్యూనిక్’ యుద్ధాలని పేరు పెట్టారు. మనం ‘వియత్నాం యుద్ధం’ అంటున్నదాన్ని వియత్నాంలో ‘అమెరికా యుద్ధం’ అంటారు. అలాగే ‘మైసూర్ వార్స్’ అనగానే తప్పంతా మైసూరుదే అన్నట్టు, లేదా యుద్ధమంతా మైసూరులోనే జరిగినట్టు చదివేవాడికి తోస్తుంది.

జరిగింది అక్కడ మాత్రమే కాదు. మొదటి యుద్ధం 1767లో మొదలై, 1769లో హైదర్ మద్రాసు పొలిమేరకు వచ్చి సంధి చేయించుకోవడంతో ముగిసింది. రెండవ యుద్ధంలో 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కల్నల్ బెయిలీ సైన్యం చిత్తుగా ఓడింది. ఆ యుద్ధం నడుస్తుండగానే, 1782 డిసెంబరు 7న, హైదర్ మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. మూడవ యుద్ధంలో 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ అంబూరు వైపు వెళ్తున్నట్టు నటించి, చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరాడు. అక్కడి నుంచి కోలారు, బెంగుళూరు. చిత్తూరు నుంచి పలమనేరు బస్సులో మీరు కిటికీ పక్కన కునుకు తీసే ఆ ఘాటు రోడ్డే అది! ఆ ఏడాదే మదనపల్లెకు దగ్గరలోని గుర్రంకొండ కోటను నిజాం సైన్యం, కంపెనీ సైన్యం కలిసి ముట్టడించాయి.

కనుక ‘మైసూర్ వార్స్’ వద్దు. మరి ‘ఆంగ్లో-మైసూర్’? ఇది మేలు, రెండు పక్షాలూ కనబడతాయి. కానీ ‘ఆంగ్లో’ అంటే ఇంగ్లండుకు చెందినది అని అర్థం. పొల్లిలూరులో ఓడిన బెయిలీ స్కాట్లాండు వాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట మీదికి దాడి నడిపిన బెయిర్డ్ కూడా స్కాట్లాండు వాడే. ఇది చిన్న లోపం. పెద్దది వేరే ఉంది. పొల్లిలూరులో బెయిలీ వెంట ఉన్న సుమారు 3,800 మందిలో తెల్లవాళ్ళు కొన్ని వందలే. మిగిలిన వాళ్ళంతా సిపాయిలు, ఈ దక్షిణ దేశపు మనుషులు. ఉత్తరాదిలో సిపాయిని ‘తిలంగా’ అనేవారంటే ఆ మాట మన తెలుగువాళ్ళ నుంచి పుట్టిందే. కంపెనీ మద్రాసు సైన్యంలో పరయ, మాల కులాల వాళ్ళు కూడా చేరారు. కూలి కోసమో, ఊళ్ళో దొరకని గౌరవం కోసమో వెళ్ళి ఉంటారు. వాళ్ళను ‘ఆంగ్లో’ అనే మాట కింద పాతిపెట్టడం నాకు ఇష్టం లేదు. మిత్రపక్షాలు కూడా అందులో కనబడవు. 1790–92 యుద్ధంలో నిజాం, మరాఠాలు కంపెనీ పక్కనే ఉన్నారు. టిప్పు రాజ్యంలో సగం ముగ్గురూ పంచుకున్నారు.

అందువల్ల నా ఓటు ‘కంపెనీ-మైసూర్ వార్స్’కు. ఒక పక్క రాజ్యం, ఇంకో పక్క వాటాదారులకు లాభం పంచే వర్తక సంస్థ. జీతమిచ్చి సిపాయిలను పెట్టుకున్నది, సంధి పత్రాల మీద సంతకం చేసింది ఆ సంస్థే. ఇందులోనూ చిక్కు లేకపోలేదు. 1784 చట్టం తర్వాత కంపెనీ మీద బ్రిటిష్ ప్రభుత్వ పెత్తనం పెరిగింది, రాజు గారి రెజిమెంట్లూ వచ్చి పోరాడాయి. కాబట్టి చివరి రెండు యుద్ధాలకు ‘ఆంగ్లో’ అంటే నేను పోట్లాడను. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్న పేరే వ్రాయండి, దిద్దే వారితో మనకు పేచీ వద్దు. జవాబు మొదటి వాక్యంలో ‘కంపెనీకీ మైసూరుకూ మధ్య’ అని వ్రాస్తే ఎవరూ మార్కు తీసెయ్యరు.

ఇంగ్లీషు పేరు మార్చడానికి మనమెవరం అని ఆ కుప్పం తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఈ యుద్ధాల మూలంగానే మన ప్రాంతానికి ఒక ఇంగ్లీషు పేరు పడింది. 1792లో గుర్రంకొండ సీమ నిజాంకు పోయింది. 1800లో నిజాం దాన్ని కంపెనీకి వదులుకున్నాడు. అలా వదిలేసిన జిల్లాలు గనుక ‘సీడెడ్’ అన్నారు, తెలుగులో దత్త మండలాలు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన వస్తువన్నట్టు! 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు గారు సూచించగా ‘రాయలసీమ’ అని పెట్టుకున్నారు. సినిమా కలెక్షన్లు చెప్పేవాళ్ళు ఇంకా ‘సీడెడ్’ అంటూనే ఉన్నారు, అది వేరే సంగతి. మన మదనపల్లె సంగతే చూడండి. 1919లో రవీంద్రనాథ్ టాగూరు ‘జనగణమన’ను అక్కడి కాలేజీలో ఉండగానే ఇంగ్లీషులోకి మార్చి, ‘మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టారు. ఆ ఇంగ్లీషు పేరు కోసం ఆయన లండన్ వెళ్ళలేదు.

చార్టు మీద ‘మైసూర్’ అన్నంతవరకు వ్రాసి ఆపారు కదా, అది చెరపనక్కరలేదు. ముందు ఖాళీ ఉంది, ‘కంపెనీ’ పడుతుంది. కింద చిన్న అక్షరాలతో పుస్తకంలోని పేరు కూడా వ్రాయండి, పుంగనూరు తమ్ముడు సంతోషిస్తాడు.

‘కర్ణాటక యుద్ధాల’ చార్టు ఇంకా మొదలుపెట్టలేదని విన్నాను. పదో తరగతిలో నేను అవి బెంగుళూరు వైపు జరిగాయని వ్రాసి క్లాసంతా నవ్వుతుంటే నిలబడ్డాను. ఆ ‘కర్నాటిక్’ ఆర్కాటు నవాబు సీమ, మన చిత్తూరు కూడా అందులోదే. అది మొదలుపెట్టే ముందు ఒకసారి నాకు కబురు చేయండి.

– ఒక పూర్వ విద్యార్థి