రెండు టెస్టులూ పాస్... మరి క్రాష్ ఎందుకు?

పోయిన సంక్రాంతికి నెక్కొండ వెళ్లినప్పుడు, మా చేనులో పత్తి ఏరుతున్న ఓ అక్కతో మాట కలిపాను. ఆఫీసు మీటింగుల్లో నా మాటను మగవాళ్లు ఎట్లా కట్ చేస్తారో చెప్పి, "ఆడోళ్ల బాధలన్నీ ఒక్కటే కదక్కా" అన్నాను. ఆమె నవ్వింది. "మా ఇంట్ల ఎన్నడన్న మంచినీళ్లు తాగినవా చెల్లె?"

జవాబు లేదు నా దగ్గర.

ఆ ప్రశ్న వెనకున్న ఆలోచనకు 1989లో అమెరికా న్యాయశాస్త్ర అధ్యాపకురాలు కింబర్లే క్రెన్‌షా పెట్టిన పేరు ఇంటర్‌సెక్షనాలిటీ. ఆమె చూపించిన కేసుల్లో ఒకటి జనరల్ మోటార్స్‌ది. నల్లజాతి మహిళలు కోర్టుకెళ్తే, కంపెనీ ఆడవాళ్లను తీసుకుంటోంది కాబట్టి లింగవివక్ష లేదన్నారు. ఆ ఆడవాళ్లు తెల్లవాళ్లు! జాతివివక్ష సంగతి వేరే కేసులో చూసుకోమన్నారు. రెండూ కలిపి అడగడం కుదరదన్నారు.

మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, రెండు మాడ్యూళ్లనూ విడివిడిగా టెస్ట్ చేస్తే పాస్. కలిపి నడిపితే క్రాష్. బగ్ ఉన్నది అవి కలిసేచోట. కులం ప్లస్ ఆడతనం అని కూడిక వేస్తే సరిపోదు, రెండూ కలిస్తే వేరే అనుభవం పుడుతుంది. అసలు 'స్త్రీ' అన్నప్పుడు మన మనసులో ఎవరి బొమ్మ వస్తోంది? గోగు శ్యామల, జూపాక సుభద్ర లాంటి దళిత రచయిత్రులు తెలుగు స్త్రీవాదాన్ని అడిగింది ఇదే.

ఇది పుస్తకాల గొడవ మాత్రమే కాదు. 2011లో ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఓ దళిత యువతిపై అత్యాచారం జరిగింది. 2021లో సుప్రీంకోర్టు తీర్పిస్తూ కులం, లింగం, వైకల్యం కలిసి ఆమెను ఎట్లా మరింత ప్రమాదంలోకి నెట్టాయో వివరంగా రాసింది, క్రెన్‌షా ఆలోచననూ ప్రస్తావించింది. దోషికి జీవితఖైదు ఖాయం చేసింది. కానీ ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది. అప్పటి చట్టం ప్రకారం నేరం కులం కారణంగానే జరిగిందని రుజువు కావాలి, అది లేదంది. బాధితురాలి కులం తెలిసి చేస్తే చాలన్న సవరణ 2016లో అమల్లోకి వచ్చింది. అంటే ఆలోచన కోర్టుదాకా చేరినా, ఆ కేసులో చట్టం అందుకోలేకపోయింది.

నేను మాత్రం అందుకున్నానా? మీటింగులో నా మాట కట్ చేస్తే నాకు కోపం. చేనుగట్టు మీద ఆమె మాట వినకుండానే 'అందరిదీ ఒక్కటే' అని కట్ చేసింది నేనే కదా!

ఈసారి ఊరెళ్తే ఆమె ఇంటికి పోయి మంచినీళ్లు అడుగుతాను. ఒక గ్లాసుతో కులం పోదు, తెలుసు. కానీ ఆ గడపలో కూర్చున్నాక మాట్లాడాల్సింది ఆమె. వినాల్సింది నేను.